హరిత పక్షానికి పార్లమెంటులో ఏం పని?

"పచ్చదనం కావాలంటే చెట్లు నాటాలి గానీ, పార్లమెంటుకు పోవడం ఎందుకండీ?" అని ఈ మధ్య ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. మాట జర్మనీ హరిత పక్షం మీదికి మళ్ళినప్పుడు వచ్చిన ప్రశ్న అది. ఆయన వాదన సూటిగానే ఉంది. నూటికి పదిమంది ఓటు వేసే పార్టీ ఎన్నటికీ సొంతంగా ప్రభుత్వం ఏర్పరచలేదు. ప్రతిపక్షంలో కూర్చుంటే మిగిలేది అరుపులు, అధికారంలో చేరితే మిగిలేవి రాజీలు. రెంటికీ చెడ్డ రేవడి కావడం కంటే వీధిలో నిలబడి ఉద్యమం నడుపుకోవడమే గౌరవం కదా అని. అప్పటికి నాకు తగిన సమాధానం తోచలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఇప్పుడు తోచింది. ఆయన ఇది చదువుతాడనే ఆశతో రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి ఒకటి. 'పచ్చ పార్టీ' అని రాస్తే తెలుగు పాఠకుడి కళ్ళముందు వేరే జెండా ఒకటి రెపరెపలాడుతుంది. పసుపునూ ఆకునూ ఒకే మాటతో సరిపెట్టుకునే భాష మనది; కామెర్లూ పచ్చవే, వరిచేలూ పచ్చవే. అందుకని, కొంచెం పంతులుగారి ధోరణిలా వినిపించినా, 'హరిత పక్షం' అనే అంటాను.

జర్మన్ హరిత పక్షం 1980 జనవరిలో కార్ల్స్‌రూ నగరంలో పుట్టింది. అదే ఏడు జరిగిన ఎన్నికల్లో దానికి దక్కినవి ఒకటిన్నర శాతం ఓట్లు. 1983 మార్చి 6న 5.6 శాతం ఓట్లతో పశ్చిమ జర్మనీ పార్లమెంటు, అంటే బుండెస్టాగ్ గడప దాటింది. అప్పటి రాజధాని బాన్ నగరం. ఆ నెలాఖరున కొత్త సభ్యులు సభలోకి వచ్చిన తీరును ఫొటోల్లో చూసినవారు మరచిపోరు. సూట్లూ టైల మధ్య చేతితో అల్లిన స్వెట్టర్లు, గడ్డాలు, పూల కుండీలు. పెట్రా కెల్లీ చేతిలో పూలు. ఆమ్ల వర్షానికి ఎండిపోయిన ఫర్ చెట్టు కొమ్మను మారీలూయిజె బెక్ అనే సభ్యురాలు ఛాన్సలర్ హెల్ముట్ కోల్‌కు అందించింది. పత్రికలు దానిని నాటకం అన్నాయి. నాటకమే. అయితే ఆ ఎండుకొమ్మ అబద్ధం కాదు. జర్మన్ల ఊహల్లో అడవికున్న స్థానం తెలిసినవారికి, ఆ కొమ్మ ఛాన్సలర్‌కు ఎంత ఇబ్బంది కలిగించి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అదే ఏడాది జులైలో పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల నుంచి గంధకాన్ని వడగట్టి తీరాలనే కఠినమైన నిబంధన అమల్లోకి వచ్చింది. దాన్ని తెచ్చింది కోల్ నాయకత్వంలోని సంప్రదాయవాద ప్రభుత్వం. ముసాయిదా అంతకు ముందు ప్రభుత్వ కాలంలోనే మొదలైంది గనుక ఆ ఖ్యాతిని హరిత పక్షానికి కట్టబెట్టడం న్యాయం కాదు. కానీ పక్క బెంచీల్లో ఓట్లు ఎగరేసుకుపోయే కొత్త పోటీదారు కూర్చున్నప్పుడు పాత పార్టీలకు అడవుల మీద హఠాత్తుగా మమకారం పుట్టుకురావడం నేను గమనించిన మొదటి సంగతి. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగిన కొద్ది వారాలకే పర్యావరణానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖను ఏర్పరచింది కూడా ఆ కోల్ ప్రభుత్వమే.

వింతేమంటే, తొలి సభలో హరిత సభ్యులు చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది చెట్ల గురించినది కాదు. 1983 మే నెలలో వాల్ట్రౌట్ షోపె అనే సభ్యురాలు లేచి, వివాహంలో జరిగే అత్యాచారాన్ని నేరంగా పరిగణించాలని, ఈ సభలో కూడా స్త్రీలను కించపరిచే ధోరణి మానుకోవాలని మాట్లాడింది. సభ నవ్వింది. పార్టీలకు అతీతంగా పురుష సభ్యులు వెకిలిగా నవ్వారు, కేకలు వేశారు. జర్మనీలో అది నేరమైంది 1997లో. పద్నాలుగేళ్ళు. అప్పుడు కూడా హరిత పక్షం అధికారంలో లేదు. ఆ మాట వీధిలో అంతకు ముందే ఎన్నోసార్లు వినబడింది. వీధిలో అన్నప్పుడు ఎవరూ నవ్వనక్కరలేదు, విననట్టు నటిస్తే చాలు. సభలో అన్నప్పుడు నవ్విన వాళ్ళ నవ్వు సహితంగా అంతా రికార్డుల్లోకి ఎక్కింది. నా మిత్రుడు 'అరుపులు' అన్నది బహుశా ఇలాంటి వాటినే.

ఇక రాజీల సంగతి. దానికి ముందు, ఎక్కువమందికి తెలియని ఒక చట్టం కథ చెప్పాలి. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

1980ల చివర బవేరియా కొండప్రాంతాల్లో చిన్న చిన్న జలవిద్యుత్ యంత్రాలు నడుపుకునే వాళ్ళు చాలామంది ఉండేవారు. పెద్ద విద్యుత్ సంస్థలు వాళ్ళ కరెంటును కొనడానికే సణిగేవి, కొన్నా నామమాత్రపు ధర చెల్లించేవి. ఆ ప్రాంతానికి చెందిన మత్తియాస్ ఎంగెల్స్‌బెర్గర్ అనే సభ్యుడు వాళ్ళ తరఫున ఏళ్ళ తరబడి పోరాడుతున్నాడు. ఆయన పార్టీ బవేరియాలోని క్రైస్తవ సంప్రదాయవాదులది. హరిత పక్షాన్ని ఆమడ దూరంలో ఉంచే పార్టీ. ఇటు హరిత పక్షంలో వోల్ఫ్‌గాంగ్ డానియెల్స్ అనే యువ సభ్యుడు గాలి, సూర్యకాంతి నుంచి వచ్చే కరెంటుకు దారి వెతుకుతున్నాడు. ఇద్దరూ కలిసి ఒక చిన్న బిల్లు సిద్ధం చేశారు. పునరుత్పాదక విద్యుత్తును గ్రిడ్ యజమానులు తప్పనిసరిగా కొనాలి, చట్టం చెప్పిన ధర చెల్లించాలి. గాలికీ సూర్యకాంతికీ ఆ ధర వినియోగదారుడు చెల్లించే సగటు రేటులో 90 శాతం. సారాంశం అంతే.

చిక్కంతా సంతకాల దగ్గర వచ్చింది. హరిత పక్షంతో కలిసి ఒక బిల్లును ప్రతిపాదించడానికి పాలక పక్షపు పెద్దలు ససేమిరా అన్నారు. అప్పుడు డానియెల్స్ తన పార్టీ పేరును తప్పించేశాడు. బిల్లు పాలక పక్షాల పేరు మీదే సభకు వచ్చింది. 1990 అక్టోబరులో నెగ్గింది. పెద్ద విద్యుత్ సంస్థలు అప్పుడే కూలిన తూర్పు జర్మనీ విద్యుత్ వ్యవస్థను చేజిక్కించుకునే హడావుడిలో ఉండి ఈ చిన్న చట్టాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే అది నెగ్గేది కాదేమో.

1991 జనవరి 1న ఆ చట్టం అమల్లోకి వచ్చేసరికి పశ్చిమ జర్మనీ హరిత సభ్యులు ఒక్కరు కూడా పార్లమెంటులో లేరు! 1990 డిసెంబరు ఎన్నికల్లో, దేశమంతా ఏకీకరణ సంబరంలో ఉండగా, 'అందరూ జర్మనీ గురించి మాట్లాడుతున్నారు, మేము వాతావరణం గురించి మాట్లాడతాం' అనే ధోరణిలో ప్రచారం చేసి 4.8 శాతం దగ్గర ఆగిపోయారు. అయిదు శాతం గడప దాటలేదు. తూర్పున ఉద్యమకారుల కూటమికి మాత్రం ఎనిమిది స్థానాలు దక్కాయి. 1993లో ఆ రెండూ ఒకటయ్యాయి. వారు లేని ఆ నాలుగేళ్ళలో ఉత్తర సముద్ర తీరపు రైతులు తమ పొలాల్లో గాలిమరలు నాటుకుంటూ పోయారు. ఆ దశాబ్ది ముగిసేసరికి గాలి కరెంటులో జర్మనీ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. ఓడిపోయిన పార్టీ, పేరు లేని బిల్లు, తిరుగుతున్న మరలు. పార్లమెంటులో చిన్న పార్టీ చేయగల పని ఏమిటని అడిగిన మిత్రుడికి నా మొదటి జవాబు ఇది.

ఇక్కడొక పక్కమాట. ఇదంతా జర్మనీ ఎన్నికల పద్ధతి వల్ల సాధ్యమైంది. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది పార్టీకి. అయిదు శాతం దాటిన పార్టీకి ఓట్ల నిష్పత్తిలో స్థానాలు వస్తాయి. బ్రిటన్‌లో 1989 ఐరోపా ఎన్నికల్లో హరిత పక్షానికి దాదాపు 15 శాతం ఓట్లు, ఇరవై లక్షలకు పైగా వచ్చాయి. స్థానాలు సున్న. అక్కడి దిగువ సభలో వారికి మొదటి స్థానం, కెరొలిన్ లూకస్ రూపంలో, 2010లో గానీ దక్కలేదు. 2024 సాధారణ ఎన్నికల్లో సుమారు ఏడు శాతం ఓట్లకు నాలుగు స్థానాలు వచ్చాయి. మన లోక్‌సభకు సంక్రమించినది బ్రిటిష్ పద్ధతే గదా. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే పీట. అందుచేత సోంపేట బీల భూముల మీద బొగ్గు కేంద్రం వద్దని 2010 జులైలో కాల్పులకు ఎదురు నిలిచిన జనానికి చట్టసభలో తమదంటూ ఒక బెంచీ లేదు. ఆ కేంద్రపు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది అప్పీలు విచారించిన జాతీయ అథారిటీ. మన దగ్గర ఇలాంటి తగాదాలు తెగేది ట్రిబ్యునల్‌లోనో, హైకోర్టులోనో, తుపాకీ ముందరో. శాసనంలోని ఒక వాక్యం దగ్గర తెగడం అరుదు. ఇది మన వాళ్ళ చైతన్యలోపం అని తిట్టిపోసే వ్యాసాలు చాలా చదివాను. ఓట్లు లెక్కపెట్టే పద్ధతిని తలచుకున్న వ్యాసం మాత్రం ఎక్కువగా కనబడదు.

మళ్ళీ జర్మనీకి. 1998లో 6.7 శాతం ఓట్లతో, 47 స్థానాలతో హరిత పక్షం సోషల్ డెమోక్రాట్లతో కలిసి మొదటిసారి కేంద్ర ప్రభుత్వంలో చేరింది. గెర్హార్డ్ ష్రోడర్ ఛాన్సలర్, యోష్కా ఫిషర్ విదేశాంగ మంత్రి. 1985లో హెస్సె రాష్ట్రంలో బూట్లకు బదులు తెల్లటి క్రీడా పాదరక్షలతో మంత్రిగా ప్రమాణం చేసినవాడే ఆ ఫిషర్. మంచి సూట్లలోకి మారాడని వెక్కిరించిన వాళ్ళకు కొదవ లేదు. బట్టల మీద వ్యాఖ్యానాలు నాకంత ఆసక్తి కలిగించవు.

ఆసక్తి కలిగించేది 2000 సంవత్సరపు పునరుత్పాదక విద్యుత్ చట్టం. ఆర్థిక మంత్రిత్వ శాఖకు దాని మీద మనసు లేదు, ముసాయిదాను సాగదీసింది. అప్పుడు ప్రభుత్వ పక్షపు సభ్యులే కలం పట్టారు. ఇందులో ముఖ్యులు ఇద్దరు. ఒకరు సోషల్ డెమోక్రాట్ హెర్మాన్ షేర్. రెండోవారు హరిత పక్షానికి చెందిన హాన్స్ యోసెఫ్ ఫెల్. హామెల్‌బుర్గ్ అనే చిన్న ఊరి కౌన్సిలరు, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు. సౌర విద్యుత్తుకు గిట్టుబాటు ధర ఇచ్చే పద్ధతిని తన ఊళ్ళోనే ప్రయత్నించి చూసి వచ్చినవాడు. కొత్త చట్టం ప్రతి పద్ధతికీ వేరు వేరు ధర కట్టింది, ఆ ధరకు ఇరవై ఏళ్ళ హామీ ఇచ్చింది. సౌర విద్యుత్తుకు యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు, అంటే దాదాపు ఒక మార్కు. ఆ రోజుల్లో అది పిచ్చి ధరే. కానీ ఆ పిచ్చి ధర చూసి రైతులు కొట్టాల కప్పుల మీద ఫలకాలు పరిచారు, చర్చిలు పరిచాయి, పాఠశాలలు పరిచాయి. ఆ గిరాకీని చూసి చైనాలో కర్మాగారాలు వెలిశాయి. ఫలకాల ధర పడిపోయింది. కర్నూలు బీళ్ళలో 2017 నాటికి 1000 మెగావాట్ల సౌర పార్కు నిలబడగలిగిందంటే, దాని ఖర్చులో కొంత భాగాన్ని జర్మన్ గృహిణి తన కరెంటు బిల్లులో ముందే చెల్లించిందని చెప్పుకోవచ్చు. జర్మనీ విద్యుత్తులో పునరుత్పాదకాల వాటా 2000లో 6 శాతం చిల్లర. 2023లో సగం దాటింది.

చెల్లించింది అన్నాను గదా, ఆ లెక్క కూడా చెప్పాలి. ఈ చట్టం వల్ల సగటు కుటుంబానికి నెలకు పడే భారం ఒక ముద్ద ఐస్‌క్రీము ఖరీదుకు మించదని హరిత పక్షపు పర్యావరణ మంత్రి యుర్గెన్ ట్రిట్టిన్ 2004లో అన్నాడు. 2017 నాటికి ఆ సర్‌చార్జి యూనిట్‌కు 6.88 సెంట్లకు చేరింది. ఏడాదికి 3500 యూనిట్లు వాడే ఇంటికి అది నెలకు ఇరవై యూరోలు. పెద్ద పరిశ్రమలకేమో దాని నుంచి భారీ మినహాయింపులు. 2022 జులైలో సర్‌చార్జి ఎత్తివేసి ఆ భారాన్ని ఖజానా మీదికి మళ్ళించారు. ఆ ఐస్‌క్రీము మాటను ప్రత్యర్థులు ఇప్పటికీ వదిలిపెట్టలేదు, వదలకపోవడంలో తప్పులేదు. మంచి పనికి తప్పుడు లెక్క చెప్పడం హరితవాదులకు ఒక పాత జబ్బు.

అధికారపు అసలు ధర వేరే చోట కట్టవలసి వచ్చింది. యుద్ధవ్యతిరేక ఉద్యమంలో పుట్టిన పార్టీ 1999లో, ప్రభుత్వంలో చేరిన కొద్ది నెలలకే, కొసొవొ విషయంలో యుగోస్లావియా మీద బాంబుదాడులకు మద్దతు పలికింది. ఆ మే నెలలో బీలెఫెల్డ్‌లో జరిగిన పార్టీ మహాసభలో ఎవరో విసిరిన ఎర్రరంగు సంచి ఫిషర్ చెవి మీద పగిలి, కర్ణభేరి దెబ్బతింది. అది అందరికీ తెలిసిన దృశ్యం. నన్ను ఎక్కువగా వెంటాడేది దానికన్నా తక్కువ రంగు గలది. 2001 నవంబరు 16న అఫ్ఘానిస్తాన్‌కు సైనికులను పంపే ప్రశ్నను ష్రోడర్ విశ్వాస తీర్మానంతో ముడిపెట్టాడు. యుద్ధం వద్దంటే ప్రభుత్వం పడిపోతుంది. ప్రభుత్వం కావాలంటే యుద్ధానికి అవునని చెప్పాలి. హరిత సభ్యుల్లో ఎనిమిదిమంది యుద్ధాన్ని వ్యతిరేకించారు. ఎనిమిదిమందీ కాదంటే ప్రభుత్వం కూలుతుంది. వాళ్ళు తమలో తాము మాట్లాడుకుని సగం సగం విడిపోయారు: నలుగురు అవునని, నలుగురు కాదని. కావలసిన ఓట్లు 334, వచ్చినవి 336.

ఆ సగం సగం లెక్క మీద నా అభిప్రాయం చాలాసార్లు మారింది. ఒకప్పుడు అది పిరికితనంగా కనిపించింది. మనస్సాక్షిని వాటాలు వేసుకోవడం ఏమిటని చిరాకు పడ్డాను. ఇప్పుడు అలా అనలేకపోతున్నాను. ఆ ప్రభుత్వం ఆ రోజు పడిపోయి ఉంటే అణు కేంద్రాల మూసివేత చట్టం 2002 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చేది కాదు. అవునన్న నలుగురూ తమకు నచ్చని ఓటు వేశారు. కాదన్న నలుగురు అలా అనగలిగింది అవతలి నలుగురి పుణ్యాన. ఆ లెక్క ఎనిమిదిమందికీ తెలుసు. కాదన్నవారిలో ఒకడైన హాన్స్ క్రిస్టియన్ ష్ట్రోబెలెకు మరుసటి ఏడు పార్టీ జాబితాలో గెలిచే స్థానం దక్కలేదు. ఆయన బెర్లిన్‌లో ఒక నియోజకవర్గంలో సొంతంగా ప్రచారం చేసుకుని నేరుగా గెలిచాడు. హరిత పక్షం చరిత్రలో అది మొదటి నియోజకవర్గ విజయం. యుద్ధం వద్దన్నందుకు జనం పంపారు, అవునన్నవారి వల్ల చట్టం మిగిలింది. ఈ రెంటిలో దేనిని వదులుకోవాలో నా మిత్రుడు చెబితే వినాలని ఉంది.

అణు విద్యుత్తు దగ్గర మాత్రం నాకూ హరిత పక్షానికీ పేచీ ఉంది. 1975లో వీల్ అనే ఊళ్ళో ద్రాక్షతోటల రైతులు అణు కేంద్రపు స్థలాన్ని ఆక్రమించి ఆపించిన ఉద్యమం నుంచి పుట్టిన పార్టీకి అణుశక్తి మీద ఉన్న పగ నాకు అర్థమవుతుంది. కొవ్వాడ పేరు వింటేనే కలవరపడే శ్రీకాకుళపు మిత్రులకు ఇంకా బాగా అర్థమవుతుంది. అయినా వరుసక్రమం తప్పిందనే అంటాను. భూతాపం పెరుగుతున్న శతాబ్దంలో ముందు బొగ్గును మూసి, తరువాత అణు కేంద్రాలను మూయవలసింది. మూసివేత నిర్ణయం ఒక్క హరిత పక్షానిది కాదు, నిజమే. 2002 చట్టాన్ని 2010లో సడలించి కేంద్రాల ఆయువు పెంచినదీ, ఫుకుషిమా తరువాత 2011లో తానే 2022 గడువు పెట్టినదీ ఆంగెలా మెర్కెల్ ప్రభుత్వం. హరిత సభ్యులు ప్రతిపక్షంలో ఉండి ఆ గడువుకు ఓటు వేశారు. కానీ 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా గ్యాసు ఆగిపోయినప్పుడు ఆర్థిక, వాతావరణ మంత్రిగా ఉన్నది హరిత పక్షపు రాబర్ట్ హాబెక్. నిద్రపుచ్చిన బొగ్గు కేంద్రాలను తట్టిలేపినది ఆయన శాఖే. ఆ ఏడు జర్మనీ విద్యుత్తులో మూడో వంతు బొగ్గు నుంచి వచ్చింది. అలాంటి ఏడాదిలో చివరి మూడు అణు కేంద్రాలను కొద్ది నెలలైనా పొడిగించడానికి ఛాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ ఉత్తరువు జారీ చేయవలసి వచ్చిందంటే, అది మొండితనమే. 2023 ఏప్రిల్ 15న అవి ఆగిపోయాయి.

అదే ఏడు జనవరిలో ల్యూట్సెరాత్ అనే పల్లెను బొగ్గుగని కోసం ఖాళీ చేయించారు. బురదలో పోలీసులు యువకులను ఈడ్చుకుపోతున్న బొమ్మలు ప్రపంచమంతా చూసింది. ఒప్పందం చేసుకున్నది హరిత మంత్రులు. ఆ ప్రాంతంలో బొగ్గు తవ్వకం 2038లో కాక 2030లోనే ఆగేటట్టు, దానికి ప్రతిగా ఈ పల్లె గనికి పోయేటట్టు. ఎనిమిదేళ్ళ బొగ్గు మిగులు చిన్నదేమీ కాదు. అయితే ఈడ్వబడుతున్న పిల్లలు తమ పార్టీకి రేపటి ఓటర్లన్న సంగతి ఒప్పందం రాసినప్పుడు వారికి తట్టిందో లేదో.

వేడి పరికరాల చట్టం గురించి క్లుప్తంగా. పాత ఇళ్ళలో చమురు, గ్యాసు బాయిలర్ల స్థానంలో క్రమంగా హీట్ పంపులు రావాలనేది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిది. బామ్మగారి బాయిలర్‌ను ప్రభుత్వం పీక్కుపోతుందన్న భయం ఊరూరా పాకింది, ఖర్చులో ఎవరి వాటా ఎంతో చెప్పేసరికి ఆలస్యమైంది. అసలు సిగ్గుపడవలసిన సంగతి వేరు. ప్రతిపక్ష సభ్యుడొకరు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళి, ఈ బిల్లు చదవడానికి మాకు తగిన వ్యవధి ఇవ్వలేదని మొరపెట్టుకున్నాడు. 2023 జులై 5న న్యాయస్థానం ఆ వారం జరగవలసిన ఓటింగును ఆపించింది. బిల్లు సెప్టెంబరులో నెగ్గింది. పార్లమెంటులో మా గొంతు విననిస్తారా లేదా అని నలభై ఏళ్ళ క్రితం పూలకుండీలతో వచ్చిన పార్టీ, ఇప్పుడు పార్లమెంటును చదవనివ్వలేదని కోర్టు చేత అనిపించుకుంది. రాజీలంటూ ఏవో లెక్కపెడతారు గానీ, నా దృష్టిలో వారి పెద్ద పతనం ఇది. యుద్ధం విషయంలో పరిస్థితులు మెడ మీద కూర్చున్నాయి. ఇక్కడ వారి మెడ మీద తొందరపాటు తప్ప ఎవరూ కూర్చోలేదు.

2021లో 14.8 శాతం ఓట్లతో 118 స్థానాలు గెలిచిన పార్టీ, 2024 నవంబరులో సంకీర్ణం కూలిన తరువాత, 2025 ఫిబ్రవరి 23 ఎన్నికల్లో 11.6 శాతానికి, 85 స్థానాలకు దిగి ప్రతిపక్షంలోకి వెళ్ళింది. నా మిత్రుడు వేళ్ళు చూపించి లెక్క చెప్పినది ఈ ఓటమినే. ఆయన గమనించనిది ఆ తరువాతి మూడు వారాలు.

కొత్త ఛాన్సలర్ కాబోతున్న ఫ్రీడ్రిష్ మెర్జ్‌కు రక్షణ వ్యయం, మౌలిక సదుపాయాల కోసం అప్పు పరిమితిని సడలించవలసిన అవసరం పడింది. అది రాజ్యాంగంలోని పరిమితి. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. కొత్త సభలో అంత మెజారిటీ కూడగట్టడం కష్టం గనుక గడువు తీరని పాత సభనే మళ్ళీ సమావేశపరిచారు. అందులో హరిత సభ్యుల ఓట్లు లేనిదే లెక్క తేలదు. ఎన్నికల ప్రచారమంతా హరిత పక్షాన్ని ఎద్దేవా చేసిన మెర్జ్, అదే పక్షం దగ్గరికి వచ్చి కూర్చోవలసి వచ్చింది. మొదట వారు కాదన్నారు. బేరం కొన్ని రోజులు సాగింది. 2025 మార్చి 14న కుదిరింది, 18న సభ ఆమోదించింది. అయిదు వందల బిలియన్ యూరోల నిధిలో వంద బిలియన్లు వాతావరణ నిధికి. 2045 నాటికి కర్బన తటస్థత అన్న మాట రాజ్యాంగంలోకి ఎక్కింది.

అన్నిటికంటే పట్టుబట్టి వారు పెట్టించినది ఒక విశేషణం. ఆ నిధి నుంచి జరిగే పెట్టుబడులు 'అదనపు' పెట్టుబడులై ఉండాలి. అంటే మామూలు బడ్జెట్‌లో చేయవలసిన ఖర్చును ఈ సంచీలోకి తోసి, మిగిలిన సొమ్ముతో ఓట్ల పండుగలు చేసుకోకూడదు. ఓడిపోయి అధికారం దిగిపోతున్న పార్టీ తాను లేని రేపటి ప్రభుత్వాల కోసం రాసిపెట్టిన మాట అది. డానియెల్స్ పేరు లేని బిల్లు నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఈసారి పేరు అందరికీ తెలుసు, అంతే తేడా.

ఆ విశేషణం నిలబడుతుందా అనేది వేరే ప్రశ్న. కొత్త ప్రభుత్వపు తొలి బడ్జెట్‌తోనే, పాత పద్దులను నిధిలోకి జరుపుతున్నారనే ఆరోపణ మొదలైంది. హరిత సభ్యులు ఎనభై అయిదుమంది ప్రతిపక్ష బెంచీల మీద కూర్చుని, ఒక్కొక్క పద్దు చూపించి, ఇది అదనమా కాదా అని అడుగుతున్నారు.